సర్వర్ డౌన్ అంటే అసలు ఏం ఆగినట్టు? అప్‌డేట్ చేసిన మర్నాడే ఎందుకు మొరాయిస్తుంది?

సోమవారం ఉదయం పదిన్నర. ఉయ్యూరులో ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయం కౌంటర్ ముందు మీరు టోకెన్ పట్టుకుని నిలబడ్డారనుకోండి. పని స్థలం రిజిస్ట్రేషన్. సాక్షి సంతకాల కోసం ఇద్దరిని పని మానిపించి తీసుకొచ్చారు. అమ్మే ఆయన తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు దిగి వచ్చారు, సాయంత్రం మళ్లీ వెళ్లిపోవాలి. లోపలి నుంచి ఒకటే మాట వస్తుంది: 'సర్వర్ డౌన్'. ఎప్పటికి వస్తుందని అడిగితే తెలియదంటారు. కాస్త తెలిసినవాళ్లుంటే ఇంకో ముక్క కలుపుతారు: 'రాత్రి ఏదో అప్‌డేట్ చేశారట, అప్పటి నుంచి ఇంతే'.

ఈ మాటను మనం తుపాను కబురు విన్నట్టు వింటాం. ఎవరి చేతిలోనూ లేదనుకుని ఇంటికి వెళ్లిపోతాం. కానీ సర్వర్ అంటే ఎవరో కొని, ఎవరో సిద్ధం చేసి, ఎవరో అప్‌డేట్ చేసిన కంప్యూటరే. అది ఆగితే దానికో కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం చిన్నదే. వరుసగా వెతికితే త్వరగానే దొరుకుతుంది.

సర్వర్ ఎక్కడుంటుంది?

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల శాఖ 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు తెచ్చినప్పుడు సర్వర్ ఆ కార్యాలయంలోనే ఉండేది. చెడితే ఆ ఊరి పని ఆగేది, పక్క ఊరి పని సాగేది. తర్వాత సేవలన్నీ డేటా సెంటర్ల వైపు వెళ్లాయి. 2011 నవంబర్‌లో మీసేవ వచ్చింది, 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర' వచ్చింది. కౌంటర్ మన వీధిలోకి, ఆపైన మన జేబులోకి వచ్చింది. సర్వర్ మాత్రం దూరంగా వెళ్లింది. అందుకే ఇప్పుడు ఆగితే ఉయ్యూరు, పామర్రు, మచిలీపట్నం అన్నీ ఒకేసారి ఆగుతాయి.

డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీలో నీరుంటుంది. అది ప్రధాన కాలువలోకి, అక్కడి నుంచి పుల్లేరు లాంటి కాలువలోకి, తూము దాటి పంట బోదెలోకి, చివరికి చేలోకి రావాలి. చేను ఎండితే బ్యారేజీ ఎండిపోయిందని ఏ రైతూ అనడు. ముందు బోదె చూస్తాడు, తర్వాత తూము, తర్వాత కాలువ. గుర్రపుడెక్క అడ్డం పడిందో, పైవాడు గట్టు కొట్టాడో నడిచి వెళ్లి తేల్చుకుంటాడు.

మీ దరఖాస్తు దారీ అంతే. కార్యాలయం కంప్యూటర్, దాని ఇంటర్నెట్ లైను, వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్, ముందు నిలబడి అభ్యర్థనలు తీసుకునే వెబ్ సర్వర్, దాని వెనుక అసలు పని చేసే అప్లికేషన్, దాని వెనుక వివరాలుండే డేటాబేస్, పక్కనుంచి ఆధార్ ధ్రువీకరణ, చలానా చెల్లింపు. వీటిలో ఏ ఒక్కటి ఆగినా కౌంటర్‌లో వినిపించేది మాత్రం 'సర్వర్ డౌన్' ఒక్కటే.

ఈ సర్వర్లలో చాలావాటి మీద నడిచేది లినక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్రభుత్వ వ్యవస్థల్లో ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం కూడా ప్రకటించింది. కొత్త వస్తువేమీ కాదు, మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే.

అప్‌డేట్ తర్వాతే ఎందుకు ఆగుతుంది?

అప్‌డేట్‌లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేరే పాడు చేసిందని అందరూ అనుకుంటారు. అలా జరగదని కాదు. 2020 జులైలో 'బూట్‌హోల్' అనే భద్రతా లోపాన్ని సరిచేయడానికి రెడ్‌హ్యాట్ ఇచ్చిన అప్‌డేట్ వేసుకున్నాక కొన్ని సర్వర్లు అసలు లేవనే లేదు. కంపెనీ మళ్లీ సవరణ ఇవ్వాల్సి వచ్చింది. అయితే ఇలాంటివి అరుదు.

ఎక్కువసార్లు తప్పు అప్‌డేట్‌ది కాదు, రీస్టార్ట్‌ది. సరిగ్గా చెప్పాలంటే, రీస్టార్ట్ బయటపెట్టిన పాత తప్పుది.

లినక్స్ సర్వర్ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆపకుండా నడుస్తుంది. దాన్ని చూసి గర్వపడే ఇంజినీర్లూ ఉన్నారు. కానీ ఆ కాలమంతా ఎవరెవరో వచ్చి చేత్తో చిన్న చిన్న మార్పులు చేసి పోతుంటారు. ఉదాహరణకు ఒక ప్రోగ్రాంను 'స్టార్ట్' చేయడం వేరు, 'ఎనేబుల్' చేయడం వేరు. స్టార్ట్ అంటే ఇప్పుడు నడువు అని. ఎనేబుల్ అంటే యంత్రం లేచిన ప్రతిసారీ నీ అంతట నువ్వే లేవు అని. హడావుడిలో మొదటిది చేసి రెండోది మర్చిపోతే ఆ పూటకు తేడా ఏమీ తెలియదు. ఏడాదిన్నర తర్వాత ఓ ఆదివారం రాత్రి అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేస్తారు. యంత్రం లేస్తుంది, ప్రోగ్రాం లేవదు. సోమవారం ఉదయం మీరు కౌంటర్ ముందు ఉంటారు.

ఫైర్‌వాల్‌దీ ఇదే కథ. ఏ ద్వారం తెరిచి ఉంచాలో చెప్పే నియమాన్ని తాత్కాలికంగా పెట్టవచ్చు, శాశ్వతంగా పెట్టవచ్చు. తాత్కాలికంగా పెట్టింది రీస్టార్ట్‌తో పోతుంది. అదనంగా తగిలించిన డిస్క్‌ను చేత్తో కలిపి, ఆ సంగతి 'ఎఫ్‌స్టాబ్' అనే ఫైల్లో రాయకపోతే, లేచాక ఆ డిస్క్ కనిపించదు. డేటాబేస్ ఆ డిస్క్ మీదే ఉంటే ఇక చెప్పేదేముంది! ఆ ఫైల్లో తప్పుగా రాస్తే ఇంకా నష్టం. యంత్రం సగంలో ఆగి అత్యవసర మోడ్‌లో కూర్చుంటుంది. దూరం నుంచి లాగిన్ కావడం కూడా కుదరదు.

రెండో రకం కారణం, పాత మాట కొత్త యంత్రానికి అర్థం కాకపోవడం. ఉబుంటు 20.04 నుంచి పాత టీఎల్‌ఎస్ 1.0, 1.1 పద్ధతుల్లో వచ్చే కనెక్షన్లను మామూలుగా ఒప్పుకోరు. భద్రత కోసం అది మంచి నిర్ణయమే. కానీ ఎక్కడో ఓ కార్యాలయంలో పదేళ్ల నాటి యంత్రం ఇంకా ఆ పాత పద్ధతిలోనే పలకరిస్తుంటే, సర్వర్ మార్చిన మర్నాటి నుంచి దానికి జవాబు రాదు. కంకిపాడులో పని జరుగుతోందని, ఇక్కడే జరగడం లేదని ఎప్పుడైనా విన్నారా? ఇలాంటి సందర్భంలో రెండు చోట్లా చెప్పేది నిజమే అయ్యుండొచ్చు.

మూడోది సెట్టింగ్ ఫైళ్లు. అప్‌డేట్ మధ్యలో లినక్స్ ఆగి అడుగుతుంది: మీరు మార్చుకున్న ఫైలు ఉంచాలా, కంపెనీ ఇచ్చిన కొత్తది పెట్టాలా? అర్ధరాత్రి నిద్రమత్తులో 'కొత్తది' అని నొక్కితే ఆ సర్వర్‌కు ప్రత్యేకంగా చేసిన అమరికలన్నీ పక్కకు పోతాయి. డేటా పోదు, కానీ దారి పోతుంది.

అన్నట్టు, అప్‌డేట్ అంటే ఎప్పుడూ కెర్నెలే కానక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, ఉయ్యూరు కృష్ణాలోనే ఉండి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. జిల్లా, డివిజన్ పేర్ల మీద నడిచే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అది పెద్ద మార్పే. దానికి తోడు ఒక్కరోజు రద్దీ ఉంటుంది. 2025 ఫిబ్రవరి 1న కొత్త మార్కెట్ విలువలు రాబోతున్నాయనగా అంతకు ముందు రోజుల్లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలు కిక్కిరిశాయి. అలాంటి రోజు సర్వర్ నెమ్మదిస్తే దానికి మందు వేరు. రద్దీ, రోగం ఒకటి కావు.

ఇంజినీరు ఏ వరుసలో వెతకాలి?

బాగా తెలిసిన ఇంజినీరు వచ్చీ రాగానే మళ్లీ రీస్టార్ట్ చేయరు. రీస్టార్ట్ చేస్తే ఆ క్షణంలో నడుస్తున్నవన్నీ ఆగిపోతాయి, వాటిలో ఉన్న ఆనవాళ్లూ పోతాయి. ముందు చూడాల్సింది డిస్క్‌లో ఖాళీ ఉందా అన్నదే. వినడానికి నవ్వొస్తుంది కానీ, సర్వర్లు ఆగడానికి చాలా మామూలు కారణాల్లో ఇదొకటి. ప్రతి అభ్యర్థననూ లాగ్ ఫైల్లో రాసుకుంటూ పోయే సర్వర్‌కు ఓ రోజు రాయడానికి చోటుండదు. డేటాబేస్ కొత్త వరుస రాయలేక ఆగిపోతుంది. పాత కెర్నెల్‌లు పేరుకుని 'బూట్' విభాగం నిండిపోతే అప్‌డేటే సగంలో ఆగుతుంది.

డిస్క్ బాగుంటే తర్వాత ఏ ప్రోగ్రాం లేవలేదో చూడాలి. నేటి లినక్స్‌లలో ఎక్కువ భాగం 'సిస్టమ్‌డీ' మీద నడుస్తాయి, విఫలమైన సేవలన్నిటి జాబితాను ఒక్క ఆదేశంతో చూపిస్తాయి. ఆ పైన లాగ్ చదవాలి. ఎందుకు ఆగిందో చాలావరకు లాగ్‌లోనే రాసి ఉంటుంది: ఫలానా ఫైలు దొరకలేదు, ఫలానా పోర్ట్ మీద ఇంకెవరో ఉన్నారు, ఫలానా ఫోల్డర్‌కు అనుమతి లేదు. చదివే ఓపికే కావాలి.

అనుమతి లేదన్న జవాబు వచ్చినప్పుడు చాలామంది ఒక పని చేస్తారు. 'ఎస్‌ఈలినక్స్' అనే కాపలా వ్యవస్థను పూర్తిగా ఆపేస్తారు. సేవ వెంటనే లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తలుపు బిగుసుకుందని తలుపే పీకి పక్కన పెట్టడం లాంటిది ఇది. ఫోల్డర్‌కు సరైన ముద్ర వేస్తే అయిదు నిమిషాల్లో తేలే పని. అలా ఆపేసిన కాపలాను మళ్లీ ఎవరూ పెట్టరు.

గడియారాన్నీ చూడాలి. సర్వర్ సమయం తప్పితే ఎంత దూరం పోతుందో చాలామందికి తెలియదు. ఆధార్ ధ్రువీకరణకు వెళ్లే ప్రతి అభ్యర్థన మీదా సమయం ఉంటుంది. అది మరీ పాతదైతే 561, ముందు కాలానిదైతే 562 అనే కోడ్‌తో తిరస్కరిస్తారు. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు, నాలుగుసార్లు పెడతారు. వేలిలో తప్పేమీ ఉండదు, యంత్రం గడియారంలో ఉంటుంది. 'క్రోనీ' అనే చిన్న ప్రోగ్రాం సమయాన్ని సరిచూస్తూ ఉంటుంది. అప్‌డేట్ తర్వాత అది నడుస్తోందో లేదో చూడటం అర నిమిషం పని.

యంత్రం అసలే లేవకపోతే? ఆన్ అయ్యేటప్పుడు వచ్చే 'గ్రబ్' మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకోవచ్చు. కొత్తది వేసినా పాతవాటిని ఒకటి రెండు అందుకే ఉంచుతారు. నిన్నటి దాంతో లేచి పని నడిపిస్తూ, నేటి దాంట్లో తప్పేమిటో తీరిగ్గా చూసుకోవచ్చు. జనం లైన్లో ఉన్నప్పుడు చేయాల్సింది అదే.

అయితే అప్‌డేట్లే మానేస్తే పోదా?

పోదు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాను దుండగులు తాళం వేసేశారు. రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగా విడదీయకపోవడం వల్ల దాడికి దారి దొరికిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అదీ అమరికలో లోపమే. పాత లోపాలను పూడ్చకుండా వదిలేస్తే దాడి చేసేవాడికి ఇంకో దారి ఇచ్చినట్టే. మన దేశంలో ఎన్నో సంస్థలు వాడిన 'సెంటాస్ 7'కు 2024 జూన్ 30తో గడువు తీరిపోయింది. దానికి కొత్త సవరణలు రావు. ఇంకా దాని మీదే నడుస్తున్న సర్వర్ ఈ రోజు బాగానే కనిపిస్తుంది, వానలు రానంత కాలం గండి పడ్డ గట్టు బాగానే కనిపించినట్టు.

కాబట్టి అడగాల్సింది అప్‌డేట్ ఎందుకు చేశారని కాదు. సోమవారం ఉదయానికి ముందు ఎవరు సరిచూశారని అడగాలి. అచ్చం అలాంటిదే ఇంకో సర్వర్ మీద ముందు వేసి చూశారా? చేశాక లాగిన్ అయి ఒక దరఖాస్తు చివరిదాకా నడిపి చూశారా? నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లే దారి ఉంచుకున్నారా? ఏమీ చేయనప్పుడు కూడా అప్పుడప్పుడూ పని లేని వేళ రీస్టార్ట్ చేసి చూసే అలవాటుంటే, మరిచిపోయిన 'ఎనేబుల్'లు ఆదివారం రాత్రే బయటపడతాయి.

మీకే ఓ సర్వర్ ఉంటే?

ఇది ప్రభుత్వానికి మాత్రమే సంబంధించిన కథ కాదు. ఉయ్యూరులో కాలేజీ, నర్సింగ్ హోమ్, డయాగ్నస్టిక్ ల్యాబ్, ఎరువుల కొట్టు ఎక్కడైనా మూలన ఓ ఉబుంటు పెట్టె ఉండొచ్చు. పెట్టినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. మీ బాధ్యతలో అలాంటిది ఉంటే ఇన్‌స్టాల్ చేసిన రోజే కొన్ని పనులు అయ్యాయో లేదో చూసుకోండి. టైమ్‌జోన్ భారత కాలానికి పెట్టాలి, సమయం తనంతట సరిచూసుకునేలా ఉండాలి. సర్వర్ చిరునామా మారకుండా స్థిరంగా ఉండాలి. 'రూట్' ఖాతాతో బయటి నుంచి నేరుగా లాగిన్ కాకుండా ఆపాలి, పాస్‌వర్డ్‌కు బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ వాడాలి. ఫైర్‌వాల్‌లో వాడే ద్వారాలు తప్ప మిగతావి మూయాలి. ఒక జాగ్రత్త: దూరం నుంచి ఫైర్‌వాల్ పెడుతున్నప్పుడు ముందు 22వ పోర్ట్‌ను అనుమతించి ఆ తర్వాతే ఆన్ చేయండి. లేకపోతే మిమ్మల్ని మీరే బయట పెట్టుకుని తాళం వేసుకుంటారు.

బ్యాకప్ ఉందని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. చివరిసారి ఎప్పుడు వెనక్కి తెచ్చి చూశారని అడగండి. చేసిన ప్రతి మార్పునూ తేదీతో ఓ నోట్‌బుక్‌లో రాయించండి. మామూలు అట్ట పుస్తకమైనా చాలు. సర్వర్ చచ్చినప్పుడు సర్వర్‌లోనే దాచిన నోట్స్ ఎందుకూ పనికిరావు.

మీ ఫోన్‌లో కనిపించే అంకెలు ఏం చెబుతాయి?

కౌంటర్ దాకా పోనక్కర్లేకుండా కొంత మీరే పసిగట్టవచ్చు. అసలు సైట్ పేరే దొరకలేదని బ్రౌజర్ చెబితే, ముందు మొబైల్ డేటా నుంచి వైఫైకి మారి చూడండి. అప్పటికీ అంతే అయితే డీఎన్‌ఎస్ వైపు తేడా ఉండొచ్చు. 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అని ఎర్ర హెచ్చరిక వస్తే సైట్ సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు. ఒకసారి మీ ఫోన్ తేదీ కూడా సరిచూసుకోండి. ఆ హెచ్చరికను దాటుకుని వెళ్లి ఆధార్ నంబరు, కార్డు వివరాలు మాత్రం ఇవ్వకండి.

502 వస్తే ముందున్న వెబ్ సర్వర్ బతికే ఉంది, దాని వెనుక అప్లికేషన్ నుంచి సరైన జవాబు రావడం లేదు. అప్‌డేట్ తర్వాత లేవని ప్రోగ్రాం అంటే ఎక్కువగా కనిపించేది ఈ అంకే. 503 అంటే సర్వర్ ప్రస్తుతం తీసుకోలేనంటోంది, రద్దీ కావచ్చు, నిర్వహణ పనులు కావచ్చు. గంట ఆగి చూడటంలో అర్థం ఉంది. 500 అంటే లోపల ఏదో విరిగింది, ఎవరైనా సరిచేసేదాకా మీరు ఎన్నిసార్లు నొక్కినా అంతే. వాట్సాప్ సేవ 'హాయ్' అంటే వెంటనే పలికి, సర్టిఫికెట్ అడిగితే మూగబోతే కంగారు పడకండి. ముందున్న తలుపు వేరు, వెనుక శాఖ సర్వర్ వేరు.

ఫిర్యాదు చేసేటప్పుడు 'సర్వర్ పనిచేయడం లేదు' అని వదిలేయకుండా తేదీ, సమయం, ఆ అంకె కనిపించే స్క్రీన్‌షాట్, దరఖాస్తు నంబరు జతచేయండి. సోమవారాల్లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చినా, శాఖ హెల్ప్‌డెస్క్‌కు పంపినా ఆ సమయాన్ని బట్టే ఇంజినీరు లాగ్‌లో మీ వరుసను వెతుకుతారు.

ఇక 504. ఇది డబ్బు కట్టేటప్పుడు వస్తే జాగ్రత్త. వెనుక నుంచి జవాబు సమయానికి రాలేదని మాత్రమే దానర్థం, చెల్లింపు జరగలేదని కాదు. ఖాతాలో డబ్బు కోతపడి, చలానా తెర మీద కనిపించకపోవచ్చు. వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు సందేశంలోని లావాదేవీ నంబరు దాచుకుని, కాసేపాగి ఆ సైట్‌లోని చెల్లింపు స్థితి పేజీలో చూడండి. సాక్షులను ఇంటికి పంపేముందు, స్లాట్ తేదీని మళ్లీ డబ్బు కట్టకుండా మార్చుకోవచ్చేమో కౌంటర్‌లో అడిగి వెళ్లండి.